మనకి మోకాలు నొప్పండీ

బాబాయి పోయాడని మా తమ్ముడు ఊరి నుంచి ఫోన్ చేసినప్పుడు నేను మొదట అడిగింది "ఏ డాక్టరు దగ్గర?" అని. అడక్కూడని ప్రశ్నే, కానీ నోట్లోంచి అదే వచ్చింది. వాడు కూడా నన్నేమీ తప్పు పట్టలేదు. "ఇంట్లోనే అక్కా. పొద్దున కాఫీ తాగి మళ్ళీ పడుకున్నాడంట, అంతే. ఏ డాక్టరుకీ ఛాన్సివ్వలా" అన్నాడు.

నాకు నమ్మబుద్ధి కాలేదు. బెజవాడ సూర్యారావుపేటలో ఎముకలు, గుండె, కిడ్నీ, చెవి, ముక్కు అని బోర్డులు వేలాడే ప్రతి సందులోనూ చెప్పులు విప్పిన మనిషి, తన వంతు వచ్చేసరికి ఒక్క బోర్డు కిందకి కూడా వెళ్ళకుండా పోవడమేమిటి? కనీసం సెకండ్ ఒపీనియన్ అయినా తీసుకోకుండా?

ఆయన డాక్టరు కాదు, కాంపౌండరు కాదు. ఉయ్యూరు దగ్గర మా ఊళ్ళో కొద్దిపాటి చెరుకు, రెండు గేదెలు ఉన్న రైతు. మా నాన్నకు వరసకు తమ్ముడు కనక నాకు బాబాయి. తొంభైల్లో మా వైపు ఒక పద్ధతి ఉండేది. బెజవాడ డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే రోగి, రోగి తాలూకు మనిషి మాత్రమే వెళితే చాలదు. మాట్లాడే మనిషి ఒకరు వెంట ఉండాలి. పెళ్ళి మాటలకు పెద్దమనిషిని తీసుకెళ్ళినట్టే ఇదీను. పెద్ద చదువు చదివిన డాక్టరు ముందు మనం నోరు తెరిస్తే ఏం తప్పు దొర్లుతుందో, ఏ రోగం చెప్పబోయి ఏ రోగం చెప్పేస్తామో అని భయం. మా ఊరికి ఆ మాట్లాడే మనిషి మా బాబాయి. ఆ ఉద్యోగం ఆయనకు ఎవరిచ్చారంటే చెప్పలేను. ఎప్పుడో వాళ్ళ నాన్నకు కడుపులో గడ్డ తీసినప్పుడు పెద్దాసుపత్రి వరండాలో చాప వేసుకుని కొన్నాళ్ళు పడుకున్నాడు. ఆయన వైద్య విద్య అంతా ఆ చాప మీదే పూర్తయింది.

బెజవాడ ప్రయాణమంటే ఆయన ముందు రోజే గడ్డం గీయించుకునేవాడు. గంజి పెట్టిన తెల్ల చొక్కా, అంచు పంచె, చంకలో రోగి తాలూకు ఎక్స్‌రే కవరు. ఆ కవరును రోగి చేతికి గాని, రోగి మొగుడి చేతికి గాని ఇవ్వడం నేను చూడలేదు. బస్సు కోసం నిలబడ్డప్పుడు ఎక్స్‌రే బయటికి తీసి ఎండకెత్తి పట్టుకునేవాడు. పక్కన నిలబడ్డ వాళ్ళు, వాళ్ళెవరైనా సరే, గుడివాడ వెళ్ళేవాళ్ళైనా సరే, మెడ ఎత్తి చూడాల్సిందే. "ఇదిగో, ఇక్కడ చూశారా?" అని వేలు పెట్టి చూపించేవాడు. వాళ్ళు తల ఊపేవాళ్ళు. ఆయన వేలు పెట్టిన చోట ఏమీ ఉండేది కాదని నాకు తర్వాత తెలిసింది.

డాక్టరు గదిలోకి వెళ్ళాక రోగి కుర్చీలో ఆయనే కూర్చునేవాడు. రోగి వెనక నిలబడాలి. రోగాన్ని కూడా ఆయన తనదిగానే చెప్పేవాడు. "మనకి రాత్రుళ్ళు ఆయాసం అండీ." "మనకి మోషన్ ఫ్రీగానే అవుతుందండీ." ఒకసారి మా ఎదురింటి కోడలిని కాన్పు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళి, గంభీరంగా, "మనకి ఇప్పుడు ఏడో నెలండీ" అన్నాడట. ఆ డాక్టరమ్మ కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని ఆయన పొట్ట వైపు చూసిందని ఆ కోడలు ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది. ఆయన మాత్రం ఆ చూపును గౌరవం కింద జమ కట్టుకున్నాడు.

డాక్టర్ల దగ్గర కమీషన్ తీసుకుంటాడని ఊళ్ళో కొందరు చెవులు కొరుక్కునేవాళ్ళు. అది పచ్చి అబద్ధం. ఆయన ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు, కాఫీ హోటల్లో రెండిడ్లీ ఒక వడ తప్ప. నిజంగా కమీషన్ తీసుకునే మనిషయితే బాగుండేది. ఒక్క డాక్టరు దగ్గరైనా ఆగేవాడు.

ఇలాంటి ఆయన చేతిలో నా ఎడమ మోకాలు పడింది.

నేనప్పుడు ఎనిమిదో తరగతి. మా హైస్కూల్లో ఆడపిల్లల ఖోఖో జట్టు ఉండేది. నన్ను పొగుడుకోవడం కాదు గాని, రన్నింగులో నేను దిగితే అవతలి జట్టుకు నన్ను పట్టుకోవడం గగనమయ్యేది. మా డ్రిల్లు టీచరు గారు పిసినారి మనిషి, మెచ్చుకోలు మాట ఆవిడ నోట వచ్చేది కాదు. ఆవిడే ఒకరోజు "దీన్ని జిల్లా జట్టులో ఆడించకపోతే నా పేరు మార్చుకుంటా" అంది. జిల్లా జట్టంటే బెజవాడలో సెలక్షన్, తర్వాత రాష్ట్రం పోటీలు, వీపు మీద జిల్లా పేరు రాసిన చొక్కా. నాకు ఆ చొక్కా కావాలి. అన్నం కంటే ఎక్కువగా కావాలి. అదీ తొమ్మిదో తరగతి అయ్యేలోపే కావాలి. పదిలోకి వచ్చిన ఆడపిల్లను మా స్కూల్లో గ్రౌండు వైపు చూడనిచ్చేవాళ్ళు కాదు.

ఆ సమయంలోనే మోకాలు వాచింది. మొదట ఆట అయ్యాక నొప్పి, తర్వాత ఆటలోనే నొప్పి. ఒకరోజు గొంతుక్కూర్చున్నదాన్ని "ఖో" అనగానే లేవబోతే మోకాలు లోపల ఎక్కడో పట్టేసింది. లేవలేకపోయాను. మా నాన్న పసుపు, అమ్మ కాపడం అయ్యాక, "ఇక బాబాయిని పిలవండి" అన్నారు. ఆయన వచ్చి, మంచం మీద కూర్చుని, నా మోకాలిని ముట్టుకోకుండానే చెప్పేశాడు.

"గుజ్జు అన్నయ్యా. గుజ్జు అరిగిపోయింది."

"పదమూడేళ్ళ పిల్లకి గుజ్జు అరగటమేంట్రా?" అన్నాడు నాన్న.

"గెంతులేస్తే అరగదా మరి? మీ ఇంజను మీద చెరుకు రోజూ ఆడిస్తే గానుగ అరగదా?"

మా ఊళ్ళో ఎవరికి ఎక్కడ నొప్పొచ్చినా ఆయన చెప్పే రోగం గుజ్జే. మెడ నొప్పికి మెడలో గుజ్జు, నడుం నొప్పికి నడుంలో గుజ్జు. ఒకళ్ళకి తలనొప్పికి కూడా అదే చెప్పాడంటారు గాని అది కల్పించి ఉంటారు.

మొదటి డాక్టరు ముసలాయన. పాత మేడ, పాత బల్ల, గోడకు లైటు పెట్టె. బాబాయి యథాప్రకారం కుర్చీలో సర్దుకుని, "మనకి మోకాలు నొప్పండీ, మెట్లెక్కితే లాగేస్తంది" అని మొదలుపెట్టాడు. ముసలి డాక్టరు ఆయన్ని ఒకసారి చూసి, "మీరు కాసేపు బయట కూర్చోండి" అన్నాడు. నాకు తెలిసి మా బాబాయిని ఆ మాటన్న డాక్టరు ఆయనొక్కడే. బాబాయి లేచాడు గాని బయటికి వెళ్ళలేదు. తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

డాక్టరు ఎక్స్‌రే తగిలించి నాకే చెప్పాడు, ఎనిమిదో తరగతి పిల్లకు అర్థమయ్యేట్టు. తొడ ఎముక చివర కీలులో నున్నటి పొర ఉంటుంది, మీరు గుజ్జు అనేది దాన్నే. ఆ పొర కింద ఎముకలో చిన్న ముక్కకు రక్తం సరిగా అందలేదు, గోడ మీద పెచ్చులా పట్టు వదులుతోంది. ఇంకా ఊడలేదు. ఆటలాడే పిల్లల్లో ఇది వస్తుంటుంది. ఎముక ఇంకా ఎదుగుతోంది కనక దానంతటదే అతుక్కునే అవకాశం బాగా ఉంది.

"ఆట ఆపేయాలి. పరుగు, గెంతడం, గొంతుక్కూర్చోవడం, అన్నీ బంద్. నెలలు పడుతుంది. మధ్యలో ఎక్స్‌రే తీసి చూద్దాం. ఆ ముక్క ఊడి కీలులో తిరగడం మొదలుపెడితే అప్పుడు ఆపరేషన్ మాట. ముక్క బాగుంటే మళ్ళీ బిగించొచ్చు, లేకపోతే తీసేయాల్సొస్తుంది. అంతదాకా తెచ్చుకోకు."

"తర్వాత ఆడొచ్చా సార్?" అన్నాను.

"ఇప్పుడు మానేస్తే ఆడొచ్చు."

తలుపు దగ్గర నుంచి బాబాయి అడిగాడు. "మందులేం రాస్తన్నారండీ?"

"మందు లేదు."

"ఇంజక్షను?"

"అక్కర్లేదు."

"పోనీ ఏదన్నా టానిక్కు?"

డాక్టరు తల అడ్డంగా ఊపాడు. బాబాయి మొహం చూడాలి. పెళ్ళికి పిలిచి భోజనం పెట్టకుండా పంపించినట్టు ఉంది. కాఫీ హోటల్లో వడ కూడా సగం వదిలేశాడు. "ఆట మానేయమని చెప్పటానికి డాక్టరెందుకమ్మా? మీ అమ్మ రోజూ చెప్పట్లా? వయసైపోయింది ఆయనకి. చేతులొణుకుతున్నై, చూశావా? అందుకే సూది జోలికి పోలా" అన్నాడు. ఆయన దృష్టిలో విశ్రాంతి వైద్యం కాదు. గేదెకైనా విశ్రాంతి ఇవ్వడం ఎవరికి తెలీదు?

ఆ రోజు నుంచి మా డాక్టర్ల యాత్ర మొదలైంది.

రెండో డాక్టరు కుర్రవాడు. బాబాయి తన కుడి మోకాలి మీద చెయ్యేసుకుని, "ఇక్కడండీ, సరిగ్గా ఇక్కడ" అని నొక్కి చూపించాడు. ఆయన ఎప్పుడూ నొప్పిని తన ఒంటి మీదే చూపించేవాడు. అది చూసి డాక్టరు కుడి మోకాలికి ఎక్స్‌రే రాశాడు. నేను కాంపౌండరుతో "ఎడమదండీ" అన్నాను. "పెద్దాయన కుడిదన్నాడమ్మా" అని కాంపౌండరు నా కుడి మోకాలిని బల్ల మీద పెట్టాడు. ఫోటో వచ్చింది. డాక్టరు చూసి, "మోకాలు బ్రహ్మాండంగా ఉందండీ, ఏ లోపమూ లేదు" అన్నాడు. మా బాబాయి ఆ డాక్టరును ఎక్స్‌రే చదవడం రానివాడి కింద తేల్చి లేచొచ్చేశాడు. కారణం ఏదైతేనేం, ఇంజక్షన్ తప్పింది.

మూడో ఆయన నిజంగా పెద్ద సర్జన్. సరైన మోకాలినే చూశాడు. ముక్క ఉన్న చోట ఎముకకు సన్నటి రంధ్రాలు పెడితే లోపలి రక్తం పైకొచ్చి అతుక్కుంటుంది, మంచి పద్ధతి అన్నాడు. తేదీ కూడా ఇచ్చాడు. మా అమ్మ ఏడ్చి, ఒప్పుకుని, నా బట్టలు సంచిలో సర్దింది. ఆపరేషన్‌కు ముందు రోజు సాయంత్రం బాబాయి వచ్చి, "బెజ్జాలు పెట్టటం ఈయన పద్ధతి వదినా. ఏలూరు రోడ్డులో ఇంకొకాయన ఉన్నాడు, ఆయన ఏమంటాడో కూడా విందాం" అన్నాడు. ఏలూరు రోడ్డు ఆయన, ముక్కను తీసి పారేస్తే గొడవ వదిలిపోతుందన్నాడు, మళ్ళీ తేదీ ఇచ్చాడు. బాబాయి మళ్ళీ ఇంకొకాయన్ని కనుక్కొచ్చాడు. ఆయన స్క్రూ అన్నాడు. ఆపరేషన్ అంటే బాబాయికి భయమని కాదు. ఆపరేషన్ అయిపోతే తిరగడం అయిపోతుంది. అదీ ఆయన బాధ.

ఈ తిరుగుళ్ళలో ఆయన నన్ను కాలు కింద పెట్టనిచ్చేవాడు కాదు. నా మీద ప్రేమతో అనుకుంటే పొరపాటు. నడిచొచ్చిన రోగికి డాక్టరు దగ్గర విలువ ఉండదని ఆయన సిద్ధాంతం. బస్టాండులో దిగగానే రిక్షా. ఆసుపత్రి గుమ్మం దాకా రిక్షా. గుమ్మం నుంచి లోపలికి ఆయన భుజం మీద నా చెయ్యి. "కుంటమ్మా, కొంచెం బాగా కుంటు. కాంపౌండరు చూస్తన్నాడు. బాగా కుంటితే ముందు పిలుస్తాడు" అని చెవిలో చెప్పేవాడు. కుంటడంలో నాకు మంచి తర్ఫీదు ఇచ్చాడు. ఎడమ కాలు నేలకు ఆనీ ఆనకుండా, మొహం కొద్దిగా పక్కకు తిప్పి, పెదవి కింద పన్ను పెట్టుకుని. ఒక ఆసుపత్రిలో నా కుంటుడు చూసి ఒక ముసలమ్మ తన నంబరు మాకిచ్చేసింది. ఆవిడకు నిజంగానే తుంటి విరిగింది. బాబాయి దండం పెట్టి తీసుకున్నాడు.

ఇంగ్లీషు వైద్యం మీద విసుగు పుట్టినప్పుడు మైలవరం పక్కన కట్లు కట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన ఏదో ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన పట్టించి, చుట్టూ వెదురు బద్దలు పెట్టి, తొడ నుంచి పిక్క దాకా గట్టిగా కట్టేశాడు. "మూణ్ణాలుగు వారాలు విప్పొద్దు, తడపొద్దు, వంచొద్దు" అన్నాడు. వంచుదామన్నా వంగితే కదా. క్లాసులో బెంచీ చివర కాలు చాపుకుని కూర్చునేదాన్ని. ఎండ ముదిరేకొద్దీ ఆ తెల్లసొన వాసనకు నా పక్క పిల్లలు ఒక్కొక్కళ్ళే బెంచీలు మారిపోయారు. కిటికీలోంచి గ్రౌండు కనిపించేది. మా జట్టు ఆడుతుంటే చూసి ఏడుపొచ్చేది. నేను ఉండాల్సిన చోట ఇంకో పిల్ల ఉండేది, రెండు డాడ్జిలకే దొరికిపోయేది. వాసనతో పాటు అదీ భరించాను.

కట్టు మీదనే గుణదల కూడా వెళ్ళాం. మరియమ్మ తల్లికి మొక్కుకుంటే కాళ్ళొస్తాయని ఎవరో చెప్పారు. మా వాళ్ళకు దేవుళ్ళ విషయంలో పట్టింపు లేదు, ఎవరు చేసినా పనవ్వాలి. కొండ కింద బాబాయి మెట్ల వైపు చూసి, నా కట్టు వైపు చూసి, "నువ్వెక్కలేవు గాని, నీ తరఫున నేనెక్కి వస్తా" అన్నాడు. నా తరఫున కొబ్బరికాయ కొట్టాడు, నా తరఫున కొవ్వొత్తి వెలిగించాడు. పైన తల్లితో ఏం చెప్పుకున్నాడో నాకు తెలుసు. "మనకి మోకాలు నొప్పమ్మా" అనే చెప్పుకుని ఉంటాడు. దిగేటప్పుడు నిజంగానే మోకాళ్ళు పట్టేసి, కింద మెట్టు మీద కూలబడి, "గుజ్జు" అన్నాడు.

ఇలా ఖరీఫ్ పోయి దాళ్వా వచ్చింది, దాళ్వా పోయి వేసంకాలం వచ్చింది. ఇక మా నాన్నకే విసుగొచ్చింది. "మొదట చూసిన ముసలాయన దగ్గరికే పోదాం పద" అన్నాడు. బాబాయికి ఇష్టం లేదు గాని, తను లేకుండా వెళ్ళడం అంతకంటే ఇష్టం లేదు. ముసలి డాక్టరు కొత్త ఎక్స్‌రే తగిలించి, పాతది పక్కన పెట్టి, చాలాసేపు చూశాడు. నా మోకాలిని వంచాడు, తిప్పాడు, నొక్కాడు.

"అతుక్కుంది. చక్కగా మానింది. చెప్పిన మాట విన్నారన్నమాట, సంతోషం. చాలామంది వినరు."

"వినటమేంటండీ?" అన్నాడు బాబాయి, అవమానం జరిగినట్టు. "ఎంతమంది డాక్టర్ల దగ్గరికి తిరిగామో మీకేం తెలుసు."

"మరి పిల్ల ఆడలేదా ఇన్నాళ్ళూ?"

"ఆడటానికి తీరికెక్కడిదండీ?"

డాక్టరు పకపకా నవ్వాడు. ఏళ్ళ తరబడి నవ్వని మనిషిలా నవ్వాడు. బాబాయికి ఎందుకో అర్థం కాలేదు. నాకు రిక్షాలో అర్థమైంది. ఆ ముసలాయన ఉచితంగా చెప్పిన వైద్యాన్ని మా బాబాయి బెజవాడ, మైలవరం, గుణదల తిప్పి తిప్పి, కుంటించి, కట్టించి, కూర్చోబెట్టి, తనకు తెలియకుండానే పొల్లు పోకుండా చేయించాడు. ఊరికే విశ్రాంతి తీసుకోమంటే నేను వారం కూడా ఉండేదాన్ని కాదు. ఆ మాట ఒప్పుకోవాలి. నా మోకాలు కత్తి పడకుండా మిగిలింది ఆయన వల్లే. ఆయనకు కృతజ్ఞత చెప్పాలంటే ఆయన తెలివితక్కువతనానికి చెప్పాలి, అదే ఇబ్బంది.

ఊళ్ళో మాత్రం కథ వేరేగా తిరిగింది. రచ్చబండ దగ్గర, పాలకేంద్రం దగ్గర, చెరుకు కాటా దగ్గర ఆయనకు నా మోకాలు తప్ప వేరే మాట లేదు. ముగ్గురు సర్జన్లు కోస్తామని కత్తులు నూరడం, తను అడ్డం పడటం, పిల్ల నడవదని ఒకరు చెప్పడం (ఎవరూ చెప్పలేదు), తల్లి కళ్ళనీళ్ళు, కట్టు, కొండ, చివరికి మానడం. చెప్పేకొద్దీ ఆ కథ పెరిగింది. మోకాలి పరిస్థితి ప్రతిసారీ కొంచెం విషమించేది. ఎంత విషమిస్తే చివర అంత బాగుంటుందని ఆయనకు బాగా తెలుసు. మంచి కథకుడే, కాదనను.

తొమ్మిదో తరగతిలో మళ్ళీ గ్రౌండులో దిగాను. మొదట్లో భయం వేసింది గాని నెల తిరిగేసరికి పాత పరుగు వచ్చేసింది. డ్రిల్లు టీచరు గారు పేరు మార్చుకునే అవసరం లేకుండా నన్ను జిల్లా సెలక్షన్లకు పంపించింది. ముందు రోజు పిలిచి, "డాక్టరు ఆడొచ్చన్నాడుగా, ఇంక మోకాలి ఊసు ఎవరి దగ్గరా ఎత్తకు. అక్కడ సెలెక్టర్లు అనుమానపు పీనుగులు" అంది. నేను ఎత్తను. నాకు తెలుసు.

సరిగ్గా సెలక్షన్ల రోజుకే మా నాన్నకు చక్కెర ఫ్యాక్టరీ నుంచి కటింగ్ ఆర్డరొచ్చింది. ఆ రోజు చెరుకు కొట్టకపోతే మళ్ళీ ఎప్పుడిస్తారో తెలీదు. "బాబాయిని తోడు తీసుకెళ్ళు" అన్నాడు. గంజి పెట్టిన చొక్కా, అంచు పంచెతో బాబాయి తయారు. చంకలో ఎక్స్‌రే కవరు లేకపోవడం చూసి హమ్మయ్య అనుకున్నాను.

బెజవాడ స్టేడియంలో షామియానా కింద సెలెక్టర్లు కూర్చున్నారు. చివర్లో తెల్లటోపీ పెట్టుకున్న పెద్దాయన, పక్కన ఖాళీ కుర్చీ. నేను వార్మప్ చేస్తుండగానే మా బాబాయి ఆ కుర్చీలో కూర్చోవడం కనిపించింది. ఖాళీ కుర్చీ ఆయన్ని పిలిచినట్టే ఉంటుంది. ఆట మొదలైంది. ఆ రోజు నేను ఆడినట్టు అంతకు ముందు ఆడలేదు, ఆ తర్వాతా ఆడలేదు. రన్నింగులో వాళ్ళు నన్ను పట్టుకోలేక విజిల్ పడేదాకా తిరిగారు. ఛేజింగులో పోల్ దగ్గర డైవ్ కొట్టి ఇద్దరిని అవుట్ చేశాను. ఎడమ మోకాలి మీద పడి, అదే మోకాలి మీద లేచాను. లేస్తూ షామియానా వైపు చూశాను.

బాబాయి నా ఆట చూడటం లేదు. తెల్లటోపీ ఆయన వైపు తిరిగి చెబుతున్నాడు. ఒక చెయ్యి కుడి మోకాలి మీద. రెండో చేతి వేళ్ళు కత్తెరలా ఆడుతున్నాయి. కొండెక్కుతున్నట్టు గాలిలో మెట్లు చూపించాడు. కళ్ళు తుడుచుకున్నాడు, అంటే అది మా అమ్మ. నాకు కథ ఎంతదాకా వచ్చిందో దూరం నుంచే తెలుస్తోంది, ఆపడానికి మాత్రం వీల్లేదు. నా ముందు అవతలి పిల్ల పరిగెడుతోంది, దాన్ని పట్టుకోవాలి.

సాయంత్రం పేర్లు చదివారు. నా పేరు లేదు. అక్కడికి వచ్చిన మా డ్రిల్లు టీచరు గారు వెళ్ళి అడిగితే తెల్లటోపీ ఆయన, "ఆట బాగుందమ్మా, నేను కాదన్లా. కానీ అంత మోకాలి కేసుని తీసుకెళ్తే, అక్కడ కూలబడితే ఎవరు జవాబు చెప్పాలి? వాళ్ళ పెద్దవాళ్ళే చెప్పారుగా నడవటమే కష్టమని" అన్నాడట. ఆవిడ మానిపోయిందని వాదించింది. లిస్టు మీద సంతకాలయ్యాయి, ఇంక మార్చేది లేదన్నారు. వచ్చే ఏడు నేను పది. గ్రౌండు వైపు చూపు లేదు. అయిపోయింది.

ఉయ్యూరు బస్సులో బాబాయి నాకు కిటికీ పక్క సీటిచ్చాడు. పల్లీల పొట్లం కొని చేతిలో పెట్టాడు. నేను తినలేదు.

"వాళ్ళకి ఆట తెలీదమ్మాయ్. వీళ్ళొక్కళ్ళేనా సెలెక్షన్ చేసేది? ఏలూరులోనో గుంటూరులోనో ఇంకోచోట కూడా ఉంటుంది. కనుక్కుంటా" అన్నాడు.

"బాబాయ్, ఆ టోపీ ఆయనకి ఏం చెప్పావు?"

"ఉన్నదున్నట్టు చెప్పా. మొదటి నుంచీ చెప్పా. ఆయన ఎంత శ్రద్ధగా విన్నాడనుకున్నావు! నోరు తెరుచుకుని విన్నాడు."

"మానిపోయిందని చెప్పావా?"

ఆయన పల్లీ వొలుస్తూ ఆగాడు. నిజంగానే గుర్తు తెచ్చుకుంటున్నాడు. ఆ మొహంలో తప్పు చేసిన ఛాయ కొంచెం కూడా లేదు.

"అది చివర్లో చెబుదామనుకున్నానమ్మా. ఇంకా గుణదల కాడ ఉన్నాం. ఈలోపే ఎవరో పిలిస్తే ఆయన లేచెళ్ళిపోయాడు."

నాకు ఆయన్ని కొట్టాలనిపించింది. పెద్దవాణ్ణి, బాబాయిని, నన్ను ఊరూరా తిప్పిన మనిషిని, అయినా కొట్టాలనిపించింది. ఇప్పటికీ ఆ కోపం చల్లారలేదు, ఆయన పోయాడని చల్లారుతుందని కూడా నేననుకోను.

"నన్నడగమని చెప్పొచ్చు కదా బాబాయ్. అక్కడే ఉన్నాను కదా. నన్ను పిలిచి అడగమని ఒక్క మాట అనొచ్చు కదా."

ఆయన నా వైపు జాలిగా చూశాడు. తల మీద చెయ్యి వేశాడు.

"నిన్నడిగితే నువ్వేం చెబుతావు తల్లీ? చిన్నపిల్లవి. నీ మోకాలి సంగతి నీకేం తెలుసు?"

స్టాపు రాగానే ఆయనకంటే ముందు దూకాను. కాలవ గట్టు మీద పరుగందుకున్నాను. వెనక నుంచి, "మెల్లగా అమ్మాయ్, మోకాలు, మోకాలు" అని ఆయన అరుస్తూనే ఉన్నాడు. చెరుకు బళ్ళు దాటాను, పాలకేంద్రం దాటాను, అక్కడున్నవాళ్ళు ఏమైందని అడుగుతున్నా ఆగలేదు. ఏడుస్తూ మా ఇంటి గుమ్మం దాకా ఒక్క బిగిన పరిగెత్తాను. మోకాలు ఎక్కడా నొప్పి చెయ్యలేదు.